పునరుద్ధరించిన చెరువులో పాచి నాణ్యతను, ఆహార జాలాన్ని ఎలా పరిశీలించాలి?

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైన నాటి నుంచి తెలంగాణలో చెరువు పునరుద్ధరణ అంటే పూడిక తీయడం, కట్టను బలపరచడం, తూముకు, మత్తడికి మరమ్మతు చేయడం అనే అర్థం స్థిరపడింది. 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకున్న ఆ పథకం ఫలితాలను మనం ఎంత నీరు నిలిచింది, ఎన్ని ఎకరాలు పారాయి, బావుల్లో నీటి మట్టం ఎంత పెరిగింది అన్న లెక్కల్లో చూశాం. అవి అవసరమైన లెక్కలే. అయితే ఆ నీటిలో ఏమి పెరుగుతోంది, దాన్ని ఏవి తింటున్నాయి, ఆ తిండి చివరికి వలలో పడే చేప దాకా చేరుతోందా అన్న లెక్కను ఊరి స్థాయిలో రాసిపెట్టేవారు అరుదు. ఆ లెక్కను మీరే ఎలా రాయవచ్చో ఈ వ్యాసం చెబుతుంది. మత్స్య సహకార సంఘం సభ్యులు, పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు, కాలనీ పక్కనున్న చెరువును కాపాడుకోవాలని తిరుగుతున్న పట్టణవాసులు, వీరిలో ఎవరైనా తక్కువ ఖర్చుతో చేయగలిగిన పని ఇది.

పరికరాల జోలికి పోయే ముందు ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. చెరువు నీటి పచ్చదనం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఒకే రకం పచ్చగా కనిపించే రెండు చెరువుల్లో ఒకటి చేపలను బాగా పోషించవచ్చు, రెండోదానిలో అదే పచ్చదనం ఎవరికీ తిండి కాకుండా కుళ్లి అడుగుకు చేరవచ్చు. తేడా అంతా ఆ పచ్చదనాన్ని కలిగించే శైవలాల, అంటే పాచి, రకంలో ఉంటుంది. పునరుద్ధరణ బాగా జరిగిందా అన్న ప్రశ్నకు సమాధానం వెతకవలసిన చోటు అదేనని నా నమ్మకం.

పాచి నాణ్యత అంటే ఏమిటి?

నీటిలో తేలే సూక్ష్మ శైవలాలను మన పని కోసం మూడు గుంపులుగా చూస్తే చాలు. మొదటివి డయాటమ్‌లు. వీటికి గాజు లాంటి సిలికా పెంకు ఉంటుంది, రంగు బంగారు గోధుమ. రెండోవి ఆకుపచ్చ శైవలాలు. మూడోవి నీలి ఆకుపచ్చ శైవలాలు, అంటే సయనోబ్యాక్టీరియా. వీటిని తినేవి జంతు ప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే చిన్న జంతువులు: మోయినా, డాఫ్నియా వంటి నీటి ఈగలు, సైక్లాప్స్ వంటి కోపిపాడ్‌లు, ఇంకా చిన్నవైన రోటిఫర్లు. చేప పిల్లలన్నీ తొలి రోజుల్లో ఈ జంతు ప్లవకాల మీదే బతుకుతాయి. బొచ్చె మాత్రం పెద్దయ్యాక కూడా ప్రధానంగా వీటినే తింటుంది.

శైవలం మంచి తిండి కావాలంటే నాలుగు లక్షణాలు కలిసిరావాలి. అది నీటి ఈగ నోట్లో పట్టే పరిమాణంలో ఉండాలి, విషం ఉండకూడదు, తగినంత భాస్వరం ఉండాలి, ప్రాణికి తప్పనిసరైన కొవ్వు ఆమ్లాలు, స్టెరాల్స్ అనే కొవ్వు జాతి పదార్థాలు ఉండాలి. చేపల్లో ఉంటాయని డాక్టర్లు చెప్పే ఒమేగా-3 కొవ్వుల మూలం శైవలాలే. చేపకు అవి చాలా వరకు తిండి ద్వారా అందుతాయి. వాటిలో ఈపీఏ అనే ఆమ్లం డయాటమ్‌లలో పుష్కలంగా ఉంటుంది. ఆకుపచ్చ శైవలాలలో అది దాదాపు ఉండదు, కానీ దానికి ముడిసరుకైన చిన్న ఒమేగా-3 ఆమ్లం ఉంటుంది కనుక అవి మధ్యస్థమైన తిండి. నీలి ఆకుపచ్చ శైవలాలలో ఈపీఏ గానీ స్టెరాల్స్ గానీ లేవనే చెప్పాలి. పైగా వాటిలో కొన్ని జిగురు ముద్దలుగానో పొడవైన పోగులుగానో పెరిగి నీటి ఈగ వడకట్టే అవయవానికి అడ్డుపడతాయి, మరికొన్ని కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ వంటి విషాలను తయారుచేస్తాయి.

ఈ నాణ్యత మారితే ఆహార జాలం ఎంతగా మారుతుందో అమెరికాలోని సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సు చూపింది. దానిలోకి మురుగునీరు చేరుతున్న రోజుల్లో, 1955లో, ఆసిలటోరియా అనే పోగుల్లాంటి నీలి ఆకుపచ్చ శైవలం అక్కడ కనిపించింది. 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మురుగును మళ్లించిన తర్వాత భాస్వరం తగ్గింది, నీరు తేరుకుంది. కానీ అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. ఆసిలటోరియా దాదాపు కనుమరుగైన 1976 ప్రాంతంలో డాఫ్నియా ఒక్కసారిగా విస్తరించింది, అది మిగిలిన శైవలాలను మేయడంతో నీరు అంతకు ముందెన్నడూ లేనంత తేటబడింది. మురుగును ఆపడం వల్ల పాచి పరిమాణం తగ్గింది, పాచి రకం మారడం వల్ల మేసేవి తిరిగి వచ్చాయి. ఈ రెండు మెట్లను విడివిడిగా గమనించడమే మీరు చేయబోయే పని.

మన చెరువులకు ఆ ఉదాహరణ యథాతథంగా వర్తించదని కూడా గుర్తుంచుకోవాలి. అది లోతైన చల్లటి సరస్సు. మన చెరువులు లోతు తక్కువైనవి, వెచ్చనివి, వేసవికి సగానికి పైగా ఎండిపోయేవి. ఇక్కడ చిన్న చేపలు ఏడాదిలో ఎక్కువ కాలం పిల్లలు పెడుతూ పెద్ద జంతు ప్లవకాలను ఎప్పటికప్పుడు తినేస్తాయి కనుక, చలి దేశాల్లో లాగా నీటి ఈగలే నీటిని అద్దంలా చేస్తాయని ఆశించకండి. మీరు చూడవలసినది నీలి ఆకుపచ్చ శైవలాల వాటా తగ్గుతోందా, మేసేవాటి రకాలు పెరుగుతున్నాయా అన్నదే.

మొదటి మెట్టు: పని మొదలు కాకముందే పరిశీలన మొదలుపెట్టండి

చాలామంది పూడికతీత పూర్తయిన తర్వాత నీటి నమూనా తీస్తారు. అప్పటికి పోల్చడానికి పాత లెక్క ఏదీ ఉండదు. మీ చెరువు పేరు రాబోయే పునరుద్ధరణ జాబితాలో ఉందని తెలిసిన వెంటనే, వీలైతే ఒక ఏడాది ముందు నుంచే నెలకొకసారి గమనించడం ఆరంభించండి. ఏడాది దొరకకపోతే కనీసం చెరువు నిండిన తర్వాత ఒకసారి, చలికాలంలో ఒకసారి, నీరు బాగా తగ్గిన మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి చూడండి.

మూడు చోట్లు ఎంచుకోండి. వాగు లేదా కాలువ చెరువులో కలిసే చోటు, తూము దగ్గర లోతైన చోటు, మొక్కలున్న లోతు తక్కువ అంచు. గాలి ఎటు వీస్తే తేలే పాచి అటు పోగుపడుతుంది కాబట్టి ప్రతిసారీ గాలి దిశను రాసుకోవాలి. ఒక్క రేవు దగ్గర ముంచిన నీటిని చూసి చెరువంతా అలాగే ఉందనుకోకూడదు. సమయం ఉదయం 10 నుంచి 11 గంటల మధ్య అని పెట్టుకుంటే మంచిది. ఇదే సందర్భంలో పాత మనుషులను అడిగి చెరువు చరిత్రను కూడా రాయండి: చివరిసారి ఎప్పుడు పూర్తిగా ఎండింది, ఎప్పుడు చేపలు చచ్చి తేలాయి, ఒకప్పుడు వలలో పడి ఇప్పుడు పడని చేపలు ఏవి. నీరటి పని చేసినవారికి, గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాల పెద్దలకు తెలిసినంత వివరంగా ఏ నివేదికలోనూ దొరకదు.

రెండో మెట్టు: నీటి తేటను కొలవండి

ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కీ 1865లో సముద్రపు నీటి తేటను కొలవడానికి వాడిన పళ్లెం పద్ధతి ఇప్పటికీ చెల్లుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం గల రేకు బిళ్లను నాలుగు భాగాలుగా నలుపు, తెలుపు రంగులు మార్చి మార్చి వేయించండి. మధ్యలో రంధ్రం చేసి, కింద బరువు కట్టి, ప్రతి 5 సెంటీమీటర్లకు గుర్తు పెట్టిన తాడు బిగించండి. తెప్ప మీద నుంచి నీడ పడే వైపు దించుతూ బిళ్ల కనిపించకుండా పోయిన లోతును, తిరిగి పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతును రాసి, రెండింటి సగటు తీసుకోండి.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. పూడిక తీసిన మొదటి వానాకాలంలో నీరు ఎర్రగా లేదా బూడిద రంగులో మసకబారి ఉంటే అది పాచి వల్ల కాదు, మన్ను వల్ల. ఒక గాజు సీసాలో నీరు పట్టి కదపకుండా ఉంచితే మన్ను మెల్లగా అడుగుకు దిగుతుంది, బంకమట్టి అయితే రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది, కానీ రంగు చూస్తే తెలిసిపోతుంది. మన్ను మసక వెలుతురును ఆపి అన్ని శైవలాలనూ తగ్గిస్తుంది. వడకట్టి తినే నీటి ఈగల కడుపు కూడా మట్టితో నిండుతుంది. కాబట్టి ఆ ఏడాది పాచి తక్కువగా కనిపించినా అది పునరుద్ధరణ విజయమని రాసుకోకండి.

మూడో మెట్టు: పాచి ఏ రకమో గుర్తించండి

దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. మిగతా మెట్లన్నీ దీని మీద ఆధారపడతాయి.

ముందుగా పుల్ల పరీక్ష. చేతికి తొడుగులు వేసుకుని, తేలుతున్న పాచిలో పొడవైన పుల్లను ముంచి పైకి లేపండి. పోగులు పోగులుగా పుల్లకు వేలాడితే అది చాలావరకు ఆకుపచ్చ పోగు శైవలం, చూడటానికి అసహ్యంగా ఉన్నా సాధారణంగా విషం లేనిది. పుల్లకు రంగు పూసినట్టు పలచగా అంటుకుంటే నీలి ఆకుపచ్చ శైవలమని అనుమానించాలి.

తర్వాత సీసా పరీక్ష. పాచి తెట్టును వదిలి దాని కింది నీటిని ఒక గాజు సీసాలో ముప్పాతిక వంతు పట్టి, మూత పెట్టి, రాత్రంతా కదపకుండా చల్లని చోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే అది తిండి పదార్థాలు ఉంచనిదై ఉండాలి. మైక్రోసిస్టిస్ వంటి నీలి ఆకుపచ్చ శైవలాల కణాల్లో గాలి బుడగల్లాంటి నిర్మాణాలు ఉండటం వల్ల అవి పైకి తేలి, తెల్లవారేసరికి సీసా మెడ చుట్టూ పచ్చని వలయంగా నిలుస్తాయి. డయాటమ్‌లు బరువైన పెంకు కారణంగా అడుగున గోధుమ రంగు పొరగా దిగుతాయి. ఆకుపచ్చ శైవలాలు నీటిలో పరచుకుని ఉండటమో మెల్లగా దిగడమో జరుగుతుంది. సీసాను తెల్ల కాగితం ముందు పెట్టి ప్రతి నెలా ఒకే దూరం నుంచి ఫొటో తీసి ఉంచితే, ఏడాది తర్వాత ఆ ఫొటోల వరుసే చాలా సంగతులు చెబుతుంది.

మూడోది సూక్ష్మదర్శినితో చేసే పరిశీలన. దగ్గరలోని జూనియర్ కళాశాలలో మామూలు సూక్ష్మదర్శిని దొరుకుతుంది. లేదంటే మను ప్రకాశ్ బృందం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శినితో కూడా ఈ పని చేయవచ్చు. లీటరు నీటిలో అయోడిన్ ద్రావణాన్ని పలుచని టీ రంగు వచ్చేదాకా చుక్కలుగా కలిపి రెండు రోజులు కదపకుండా ఉంచితే శైవలాలన్నీ అడుగుకు చేరుతాయి. పై నీటిని సన్నని గొట్టంతో మెల్లగా తీసేసి, అడుగున మిగిలిన కొద్దిపాటి నీటి నుంచి ఒక చుక్కను గాజు పలక మీద వేసి చూడండి. అయోడిన్ వల్ల ఒక ప్రయోజనం కూడా ఉంది. ఆకుపచ్చ శైవలాలు పిండిపదార్థాన్ని దాచుకుంటాయి కాబట్టి వాటిలో నీలి నలుపు మచ్చలు కనిపిస్తాయి. డయాటమ్‌లలో, నీలి ఆకుపచ్చ శైవలాలలో పిండిపదార్థం లేదు కనుక అవి పసుపు లేదా గోధుమ రంగులోనే ఉంటాయి.

ఆ చుక్కలో మీకు కనిపించేవి ఇలా ఉంటాయి. ఆకారం లేని తేట జిగురులో వందలాది చిన్న చుక్కలు గుమిగూడి ఉంటే మైక్రోసిస్టిస్. పూసలు గుచ్చినట్టు కణాలు వరుసగా ఉండి, నడుమ నడుమ ఒక పెద్ద తేట కణం కనిపిస్తే అనబీనా. ఆ తేట కణం గాలిలోని నత్రజనిని పట్టుకునే చోటు. నాలుగు కణాలు పక్కపక్కన అతుక్కుని, చివరి రెండింటికీ ముళ్లుంటే సెనెడెస్మస్ అనే ఆకుపచ్చ శైవలం. పడవ ఆకారంలో ఉండి, రెండు వైపులా సన్నని గీతలున్న పెంకు కనిపిస్తే నావిక్యులా అనే డయాటమ్. అయోడిన్ కలపని తాజా నీటిలో దీన్ని చూస్తే మెల్లగా ముందుకు జారి, ఆగి, వెనక్కి జారడం గమనించవచ్చు. విద్యార్థులకు ఈ ఒక్క దృశ్యం చూపిస్తే ఆ తర్వాత చెరువు దగ్గరికి రమ్మని వారిని వేరే బతిమాలనక్కరలేదు.

పేర్లన్నీ నేర్చుకోవలసిన పని లేదు. కనిపించిన మొదటి నూరు శైవలాలను, అవి ఒంటరి కణాలైనా ముద్దలైనా, ఈ మూడు గుంపుల్లో లెక్కించి రాసుకుంటే చాలు. నూటికి ఎన్ని నీలి ఆకుపచ్చవి, ఎన్ని ఆకుపచ్చవి, ఎన్ని డయాటమ్‌లు అన్న ఈ లెక్కే మీ చెరువు పాచి నాణ్యతకు తొలి కొలత. ఒక పెద్ద మైక్రోసిస్టిస్ ముద్దను ఒక్కటిగా లెక్కిస్తే దాని వాటా తక్కువగా కనిపిస్తుంది కనుక ముద్దల పరిమాణాన్ని కూడా పక్కన చిన్న, మధ్య, పెద్ద అని గుర్తించండి.

నాలుగో మెట్టు: మేసేవాటిని వడకట్టి చూడండి

చేప పిల్లల పెంపకందార్లు నారు చెరువుల్లో ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతినే ఇక్కడా వాడండి. సన్నని ప్లవకాల వలలో వేర్వేరు చోట్ల నుంచి తీసిన 50 లీటర్ల నీటిని పోసి, వల కొసన కట్టిన గొట్టంలో మిగిలినదాన్ని గీతలున్న గాజు నాళికలోకి మార్చి, చిటికెడు ఉప్పు వేస్తే అరగంటలో జంతు ప్లవకాలు చచ్చి అడుగుకు చేరతాయి. నారు చెరువులో 1 నుంచి 2 మిల్లీలీటర్లు ఉంటే పిల్లలు వదలవచ్చని పెంపకందార్లు నిర్ణయిస్తారు. ఊరి చెరువులో అంత ఉండాలన్న నియమం లేదు. నెల నెలకూ, ఏడాదికేడాదికీ ఎంత మారిందన్నదే మీకు ముఖ్యం.

ఉప్పు వేయక ముందే నాళికను ఎండకు ఎదురుగా పట్టుకుని కంటితోనే చూడండి. కుదుపుతో గెంతుతూ కదిలేవి నీటి ఈగలు. ఒక్కసారి దూకి, ఆగి, మళ్లీ దూకేవి కోపిపాడ్‌లు. ఆడవాటికి తోక పక్కన రెండు గుడ్ల సంచులు కనిపిస్తాయి. దుమ్ము రేణువుల్లా సాఫీగా ఈదేవి రోటిఫర్లు. సైక్లాప్స్ పేరు వినగానే పెద్దవారికి దాని ద్వారా సోకే నారికురుపు గుర్తుకొస్తుంది; ఆ వ్యాధి నుంచి భారతదేశం విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ధ్రువీకరించింది కనుక ఆ భయం ఇప్పుడు అవసరం లేదు.

రోటిఫర్లే ఎక్కువై నీటి ఈగలు దాదాపు లేకపోతే దానికి రెండు కారణాలు ఉండవచ్చు. పాచి తినదగినది కాకపోవడం ఒకటి, చిన్న చేపలు పెద్ద ప్లవకాలను తినేయడం రెండోది. మూడో మెట్టులో నీలి ఆకుపచ్చ శైవలాలు ఎక్కువగా వచ్చి ఉంటే మొదటి కారణాన్ని, అవి తక్కువగా ఉండి కూడా నీటి ఈగలు లేకపోతే రెండో కారణాన్ని అనుమానించండి. పాచి లెక్కను, మేసేవాటి లెక్కను పక్కపక్కన పెట్టకుండా ఏ ఒక్కదాని నుంచీ ఈ సంగతి తేలదు.

ఐదో మెట్టు: చేపలు, నత్తలు, పక్షులు

జాలరుల వలలో పడినవాటిని రకాలవారీగా రాయించండి. పరకలు, జెల్లలు, కొర్రమట్టలు, బొమ్మిడాయిలు వంటి స్థానిక చేపలు ఎన్ని రకాలు వస్తున్నాయో, వదిలిన చేపలు ఎంత పెరిగాయో వేరుగా ఉండాలి. అంచు నీటిలో నత్తలు, ఆల్చిప్పలు, తూనీగ పిల్లలు ఉన్నాయేమో చూడండి. ఆల్చిప్పలు నీటిని వడకట్టి పాచిని తింటాయి, పూడికతో పాటు ఇవి లారీల్లో పొలాలకు వెళ్లిపోతాయి కనుక పూడికతీతకు ముందు, తర్వాత వీటిని లెక్కించడం అవసరం. బుడుబుంగలు, నీటికాకులు నీటి మీద ఉన్నాయంటే చిన్న చేపలు బాగానే ఉన్నాయని తెలుస్తుంది.

ఆరో మెట్టు: పునరుద్ధరణ ఎలా జరగాలో ముందే అడగండి

పరిశీలన ఒక్కటే చాలదు. పాచి నాణ్యత పెరిగేలా పని జరగాలంటే అంచనాలు తయారయ్యే దశలోనే కొన్ని అడగాలి.

అన్నిటికంటే ముందు, వచ్చే నీటి సంగతి తేల్చాలి. మురుగు, కోళ్ల ఫారాల వ్యర్థాలు, పొలాల ఎరువు చేరుతూనే ఉంటే ఎంత లోతు తవ్వినా పాచి తిరిగి వస్తుంది. అంతర్జాతీయంగా వాడే వర్గీకరణలో లీటరు నీటిలో మొత్తం భాస్వరం 35 నుంచి 100 మైక్రోగ్రాముల మధ్య ఉంటే ఆ నీటిని పోషకాలు ఎక్కువైనదిగా, 100 దాటితే మితిమీరినదిగా పరిగణిస్తారు. పరీక్షకు ఇచ్చేటప్పుడు కరిగిన భాస్వరం ఒక్కటే కాకుండా మొత్తం భాస్వరం కొలవమని అడగండి. పాచి విపరీతంగా పెరిగినప్పుడు భాస్వరం ఎక్కువ భాగం దాని కణాల్లోనే ఉంటుంది, కరిగిన భాస్వరం తక్కువగా కనిపించి మోసం చేస్తుంది.

వచ్చే మురుగు ఆగినా అడుగున ఉన్న పూడిక ఏళ్ల తరబడి భాస్వరాన్ని వదులుతుంది. అడుగున ప్రాణవాయువు లేనప్పుడు ఇనుముతో కట్టుబడి ఉన్న భాస్వరం విడిపోయి నీటిలోకి వస్తుంది. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సులోకి మురుగు రావడం 1950ల చివర్లో ఆగింది, అయినా పదేళ్లు గడిచినా అది తేరుకోలేదు. 1970, 1971 సంవత్సరాల్లో పై పూడికను తీసివేశాకే భాస్వరం పడిపోయి, మైక్రోసిస్టిస్ తగ్గింది. పూడికతీతకు ఉన్న అసలు జీవశాస్త్ర బలం ఇదే, అది నీటి నిల్వకు మాత్రమే చేసే పని కాదు. మన పద్ధతిలో ఆ ఒండ్రు ఆయకట్టు పొలాలకు చేరి ఎరువవుతుంది. ఆయకట్టు చెరువుకు దిగువన ఉంటుంది కాబట్టి ఆ భాస్వరం అదే చెరువుకు తిరిగి రాదు. కానీ గొలుసుకట్టులో కింద ఉన్న చెరువుకు కొంత చేరవచ్చు. కింది ఊరివారు ఈ మాట కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఎగువ శిఖం భూముల్లో, అంటే చెరువు నీరు నిలిచే భూముల్లో, పోసిన ఒండ్రు మాత్రం మొదటి వానకే మళ్లీ మీ చెరువులోకి వస్తుంది, దాన్ని గట్టిగా వద్దనండి.

అయితే పూడికలో భాస్వరంతో పాటు నీటి ఈగల నిద్రావస్థ గుడ్లు, మొక్కల విత్తనాలు, నత్తలు కూడా ఉంటాయి. చెరువు మొత్తాన్ని ఒకే ఏడాదిలో గీకేస్తే వాటి మూలధనం పోతుంది. కనీసం ఒక మూలను, వీలైతే మొక్కలున్న అంచును తవ్వకుండా వదలమని అడగండి. అలా వదలడానికి ఒప్పుకోకపోతే పై పూడికను అయిదారు సెంటీమీటర్ల మేర కొన్ని తట్టల్లో తీసి నీడలో దాచి, చెరువు నిండే ముందు అంచుల్లో చల్లండి. మొరం పొర దాటి తవ్వనివ్వకండి, ఇంకుడు పెరుగుతుంది. రాతి కట్టడాలతో, నడక దారులతో అంచులన్నీ నిలువుగా కోసేయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. తామర, తుంగ, జమ్ము, నీటి అడుగున పెరిగే మొక్కలు వాలుగా ఉన్న లోతు తక్కువ అంచులోనే నిలుస్తాయి. నీటి ఈగలు పగలు చేపలకు దొరకకుండా దాక్కునేది ఈ మొక్కల్లోనే. గుర్రపుడెక్క వేరు సంగతి, అది వెలుతురును, గాలిని ఆపేస్తుంది, దాన్ని పూర్తిగా తీయాల్సిందే.

చేపలు వదిలే విషయంలో సంఘంతో ముందే మాట్లాడండి. తెలంగాణలో 2016 నుంచి ఉచిత చేప పిల్లల పంపిణీ జరుగుతోంది, జాలరులకు అది జీవనాధారం, దాన్ని కాదనే ప్రసక్తి లేదు. కానీ బంగారుతీగ అడుగు మట్టిని కెలికి భాస్వరాన్ని పైకి లేపుతుంది, మొక్కలను పెకలిస్తుంది. బొచ్చె మరీ ఎక్కువైతే పాచిని మేసే ప్లవకాలు తరిగిపోతాయి. పూడిక తీసిన మొదటి ఏడాది మొక్కలు వేళ్లూనే వరకు బంగారుతీగను తగ్గించి, రవ్వ (రోహు) చేప వాటా పెంచి, కొర్రమట్ట వంటి వేటాడే స్థానిక చేపను కొంత నిలిపితే చిన్న చేపల ఒత్తిడి అదుపులో ఉంటుంది.

ఫలితాలను చదవడం

ఎప్పుడూ ఒకే నెలను అదే నెలతో పోల్చండి. నిండిన సెప్టెంబరు నీటిని ఎండిన ఏప్రిల్ నీటితో పోల్చితే ఏ చెరువైనా చెడిపోయినట్టే కనిపిస్తుంది. కొత్తగా నిండిన మొదటి ఏడాది మునిగిన గడ్డి కుళ్లి పోషకాలు వదలడం వల్ల పాచి ఒక్కసారి పెరగవచ్చు, దానికి బెదరకండి. రెండో, మూడో ఏడాది వేసవిలో నీలి ఆకుపచ్చ శైవలాల వాటా తగ్గి, డయాటమ్‌లు, ఆకుపచ్చ శైవలాలు పెరిగి, వాటి వెంట నీటి ఈగలు కనిపిస్తే పని ఫలించినట్టు. పాచి తగ్గింది, నీటి ఈగలు మాత్రం పెరగలేదంటే చేపల సంఖ్యను చూడండి. నీరు బాగా తేటగా, భాస్వరం చాలా తక్కువగా ఉన్న చోట శైవలాలలోనూ భాస్వరం తగ్గి, మంచి రకమే అయినా బలం లేని తిండి అవుతుంది. అయితే మన ఊరి చెరువుల్లో ఆ పరిస్థితి అరుదు.

సీసాలో పచ్చని వలయం ఏర్పడి, రేవు దగ్గర రంగు పోసినట్టు తెట్టు కట్టిందంటే వెంటనే చేయవలసినవి ఉన్నాయి. పశువులను ఆ రేవుకు తోలవద్దని, పిల్లలను ఈతకు దింపవద్దని చాటింపు వేయించండి. ఆ నీటిని కాచి తాగవచ్చని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మైక్రోసిస్టిన్ వేడికి నశించదు. తాగునీటిలో దాని పరిమితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1 మైక్రోగ్రాముగా పెట్టింది. మైలుతుత్తం చల్లి పాచిని చంపాలన్న సలహా కూడా ప్రమాదకరమైనదే, కణాలు ఒక్కసారిగా పగిలి లోపలి విషమంతా నీటిలో కలుస్తుంది, కుళ్లే పాచి ప్రాణవాయువును లాగేసి చేపలు చస్తాయి. ఇలాంటి రోజుల్లో తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో ఒకసారి కట్ట మీదికి వెళ్లి చూడండి. రాత్రంతా పాచి ప్రాణవాయువును వాడుకోవడం వల్ల అది అప్పుడే అతి తక్కువగా ఉంటుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే జాలరులకు చెప్పి అమ్మదగిన చేపను ముందే పట్టించడం మేలు.

ఈ వివరాలన్నిటికీ ఒకే గట్టి అట్ట పుస్తకం పెట్టండి. ఒక్కో తేదీకి ఒక్కో పేజీ కేటాయించి, గాలి దిశ, నీటి మట్టం, బిళ్ల లోతు, నూటికి మూడు గుంపుల లెక్క, ప్లవకాల మిల్లీలీటర్లు, వలలో పడిన రకాలు ఒకే వరుసలో రాయండి. పుస్తకాన్ని మత్స్య సంఘం దగ్గరే ఉంచండి, ఎందుకంటే ఏటా వానాకాలంలో ఏ పిల్లలను, ఎన్ని వదలాలన్న నిర్ణయం అక్కడే జరుగుతుంది, ఆ సమావేశానికి ముందు గత వేసవి పేజీలను తెరిచి చూడవలసింది కూడా వారే.